బొగ్గు గీత, నల్ల గీత: ఏ పనికి ఏ పద్ధతి

చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి కోతలు మొదలయ్యాక మామిడి గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరడం ఈ ప్రాంతంవారికి తెలిసిన సంగతే. అలాంటి ఒక ఫ్యాక్టరీలో టోకెన్లు, కాటా తూకాలు, రైతుల చెల్లింపులు ఒకే చోట నమోదయ్యే ఏర్పాటు చేసే పని కొన్నేళ్ల కిందట తిరుపతిలోని మా బృందానికి వచ్చింది. అంతకుముందు చేసిన ఒక వెబ్‌సైటు పనిలో రెండు వారాల స్ప్రింట్లు, అంటే కొంత పని చేసి చూపించి, వచ్చిన స్పందనను బట్టి తర్వాతిది నిర్ణయించుకునే చిన్న విడతలు, చక్కగా నడిచాయన్న నమ్మకంతో, ఇక్కడ కూడా మొత్తం పనికి ఆ విడతలతో నడిచే స్క్రమ్ పద్ధతినే వర్తింపజేశాను. అది తప్పని గ్రహించేసరికి ఏప్రిల్ సగం గడిచిపోయింది.

తప్పు బయటపడింది కాటా దగ్గర. ట్రాక్టరును కాయతో సహా తూచే కొత్త వేబ్రిడ్జికి పునాది వేయాలి. కాంక్రీటుకు పూర్తి బలం వచ్చినట్టు లెక్కవేసేది 28 రోజులకు. ఆ తర్వాత ప్లాట్‌ఫారం బిగించి, తూకం సరిచూసి, తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించి, అప్పుడు మా సాఫ్ట్‌వేర్‌కు కలపాలి. ఈ వరుసలో ఏ పనీ ముందువెనుకలు కావడానికి వీల్లేదు. మేమేమో ప్రతి స్ప్రింటులోనూ కంటికి కనిపించే సాఫ్ట్‌వేర్ తెరల పనిని ముందుకు తెచ్చి, పునాదిని తర్వాతి స్ప్రింటుకు నెడుతూ వచ్చాం. 1950ల చివర్లో డ్యూపాంట్ సంస్థలో రూపుదిద్దుకున్న క్రిటికల్ పాత్ పద్ధతి చెప్పేది సరిగ్గా దీని గురించే: ఒకదానిపై ఒకటి ఆధారపడిన పనుల్లో అతి పొడవైన వరుసలో ఒక రోజు జారితే మొత్తం పని ఒక రోజు జారుతుంది. కాయ మాత్రం మన కోసం చెట్టున ఆగదు. ఆ సీజనులో మొదటి రోజులన్నీ పాత కాటా మీద, చేతిరాత రసీదులతోనే గడిచాయి.

అలాగని మొత్తం పనిని ముందే కాగితంపై రాసుకుని వరుసగా చేసి ఉంటే సరిపోయేదని కూడా నేను అనను. టోకెన్ల తెరను మే నెలలో ఒక ర్యాంపు (రైతుల కాయ దించుకునే చోటు) దగ్గర పరీక్షకు పెట్టినప్పుడు, అక్కడ ఏళ్ల తరబడి టోకెన్లు రాస్తున్న పెద్దాయన చూసి, "ఒకే ట్రాక్టరులో ముగ్గురు రైతుల కాయ వస్తుంది సార్, టోకెను ఎవరి పేరున ఇవ్వమంటారు?" అని అడిగారు. అంతకుముందు జరిగిన ఏ సమావేశంలోనూ ఈ మాట రాలేదు, ఎందుకంటే తెర కళ్ల ముందుకు వచ్చేదాకా ఆ ప్రశ్న ఎవరికీ తట్టదు. స్ప్రింట్లు నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి చోటే. 2001లో అమెరికాలోని స్నోబర్డ్‌లో 17 మంది కలిసి ప్రకటించిన ఎజైల్ సూత్రాలు, అంటే స్క్రమ్ లాంటి విడతల పద్ధతుల వెనకున్న ఆలోచనలు, సాఫ్ట్‌వేర్ గురించి చెప్పినవే గాని, కాంక్రీటు గురించి కావు. అన్నీ ముందే రాసుకుని ఒకదాని తర్వాత ఒకటి చేసే వరుసక్రమ (వాటర్‌ఫాల్) పద్ధతికి మూలంగా చూపే 1970 నాటి వ్యాసంలో విన్‌స్టన్ రాయిస్ కూడా, వెనక్కి తిరిగి చూడకుండా సాగే ఆ నమూనాలో ప్రమాదం ఉందనే హెచ్చరించారు.

నాకు ఈ తేడా బాగా అర్థమైంది శ్రీకాళహస్తిలో కలంకారీ పని చూసినప్పుడు. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద ముందు చింతబొగ్గుతో బొమ్మ గీస్తారు. నచ్చకపోతే దులిపేసి మళ్లీ గీయవచ్చు. ఆ తర్వాత ఇనుము, బెల్లం ఊరబెట్టిన నల్లరంగుతో కలం పట్టి గీసిన గీత ఇక చెరగదు. పటిక పూత, ఉడకబెట్టడం, ఉతకడం అన్నీ నిర్ణీత క్రమంలోనే సాగాలి. ఒకే గుడ్డ మీద రెండు రకాల పని ఉంది.

అందువల్ల ఇప్పుడు పని ఒప్పుకునే ముందు దానిని భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్ని రెండు ప్రశ్నలు అడుగుతాను: వెనక్కి తిరిగితే ఎంత నష్టం? ఏం కావాలో ఇప్పుడే చెప్పగలవారు ఉన్నారా? వెనక్కి తిరగడానికి వీల్లేనిది నల్ల గీత, దాన్ని వరుసక్రమంలో చేస్తాం; ఏం కావాలో ఇంకా తెలియనిది బొగ్గు గీత, దాన్ని స్ప్రింట్లలో చేస్తాం. సీజను నడుస్తుండగా వచ్చే ఫిర్యాదులది మరో దారి. ఏ గంటకు ఏది వస్తుందో తెలియని చోట రెండు వారాల ప్రణాళికకు అర్థం లేదు కనుక, జపాన్ కార్ల సంస్థ టయోటాలో తైచి ఓనో మొదలుపెట్టిన కాన్‌బాన్ (పనులను కార్డులతో చూపించే) తరహాలో, బోర్డు మీద ఒకేసారి మూడు పనులకు మించకుండా చూసుకుంటాం.

అన్నిటికన్నా ఎక్కువ తర్జనభర్జన పడింది రైతుల చెల్లింపుల లెక్క గురించి. తరుగు శాతం, అడ్వాన్సుల మినహాయింపు ఎలా ఉండాలో ఫ్యాక్టరీవారికే మొదట స్పష్టత లేదు, కాబట్టి మూడు వారాలు దాన్ని బొగ్గు గీతగానే ఉంచి, పాత రసీదులతో పోల్చి చూస్తూ పదేపదే మార్చాం. అయితే రైతు ఖాతాలో తప్పుగా పడిన డబ్బును తిరిగి అడగడం చాలా కష్టం. అందుకే మొదటి చెల్లింపుకు వారం ముందు ఆ లెక్కను లిఖితపూర్వకంగా ఖరారు చేసి, మేనేజరు గారి సంతకం తీసుకున్నాం.