6 మి.మీ. దొరికింది, ఇంకో 9 మి.మీ. మిగిలింది

ఈ ఆదివారం కూడా నేను పాత కారు భాగాలతో కట్టుకుంటున్న బండి కుడి ముందు చక్రం దగ్గరే గడిచిపోయింది. అయినా చాలా సంతోషంగా ఉంది. నాలుగు వారాలుగా పట్టుకోలేకపోయిన రోగం ఎక్కడుందో ఎట్టకేలకు అంకెల్లో కనబడింది.

లక్షణం ఇదీ: కుడి చక్రం ఒక్కటే ఎత్తు మీద ఎక్కితే బండి కుడికి కొడుతుంది, గుంతలో దిగితే ఎడమకి లాగుతుంది. 50 కి.మీ. వేగం దాటితే స్టీరింగ్‌ని రెండు చేతులా గట్టిగా పట్టుకోవాల్సిందే. దారాలు కట్టి టో (చక్రం ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కో పక్క 1 మి.మీ. ఇన్, అంటే లోపలికి పెట్టాను, క్యాంబర్ (చక్రం నిలువు వాలు) మైనస్ 1 డిగ్రీ. క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే, చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) రెండున్నర నుంచి 5 డిగ్రీలకు తెచ్చాక మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తనే నడిమికి వస్తోంది. ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే అటూ ఇటూ జరిగే పళ్ల కడ్డీ) కింది రబ్బరు బుష్‌లు తీసేసి అల్యూమినియం క్లాంపులు వేశాను, వదులు పోయింది. టైర్లలో గాలి 30 పీఎస్ఐ నుంచి 20కి దించాను. పాత కారు తలుపు మీద రాసిన ప్రెషర్ 600 కిలోల బండికి పనికిరాదు. ఇన్ని చేసినా ఆ లాగుడు మాత్రం తగ్గలేదు.

అలైన్‌మెంట్ మెషీన్ మీదకి ఎక్కిస్తే అన్నీ పచ్చగా చూపించింది. చూపిస్తుంది మరి, అది కొలిచేది నిలబడి ఉన్న బండిని. చక్రం పైకీ కిందకీ పోతున్నప్పుడు టో ఏమవుతోందో తెలియాలంటే స్ప్రింగ్ తీసి మనమే కొలవాలి.

స్టీరింగ్ కదలకుండా బిగించి, హబ్ (చక్రాన్ని బిగించే భాగం) కింద జాకీ పెట్టి 10 మి.మీ. చొప్పున ఎత్తాను. మొదట హబ్‌కి ప్లైవుడ్ పలక బిగించాను గానీ నట్టు బిగిస్తుంటేనే వంగిపోయింది. 10 మి.మీ. అల్యూమినియం పలక వేసి, దాని మీద 350 మి.మీ. దూరంలో రెండు డయల్ గేజ్‌లు (సన్నని కదలికని ముల్లుతో చూపే కొలత పరికరాలు) ఆనించాక అంకెలు నిలబడ్డాయి. ఒకటి మిటుటోయో, ఇంకోటి పేరులేని చౌక గేజ్. చౌకదాని ముల్లు ఒక్కోసారి అతుక్కుపోతుంది, వేలితో తట్టి చదవాల్సి వచ్చింది. ఈ పనికి రెండూ మంచివే కొనండి.

కుడి పక్క 50 మి.మీ. పైకెత్తితే 2.8 మి.మీ. టో-ఔట్, 50 దించితే 3.6 మి.మీ. టో-ఇన్. అంటే అటూ ఇటూ దాదాపు అర డిగ్రీ. నేను పెట్టిన 1 మి.మీ. టో దీని ముందు ఏపాటి? ఎడమ పక్క పైన 0.4 ఔట్, కింద 0.3 ఔట్. ఆ చిన్న అంకెలు గేజ్ తప్పేమో అనుకుని వదిలేశాను.

చక్రం లేస్తే టో ఒక దిక్కుకి, దిగితే ఎదురు దిక్కుకి జరుగుతుంటే టై రాడ్ (ర్యాక్‌ని చక్రానికి కలిపే కడ్డీ) వాలు తప్పు. నా ర్యాక్ ఇరుసుకి ముందుంది. రాడ్ లోపలి కొసన ఉన్న బాల్ జాయింట్ ఉండాల్సిన దానికంటే ఎత్తులో ఉంటే, చక్రం లేచినప్పుడు రాడ్ స్టీరింగ్ ఆర్మ్‌ని (చక్రాన్ని తిప్పే చేతిని) బయటికి తోస్తుంది, చక్రం ముందుభాగం బయటికి తిరుగుతుంది. లెవెల్ పైపుతో చూస్తే ర్యాక్ కుడి కొస ఎడమకంటే సరిగ్గా 6 మి.మీ. ఎత్తు.

ఇక్కడే ఒక వారం పోగొట్టుకున్నాను. బ్రాకెట్ కోయడం ఇష్టంలేక ఎడమ కొస కింద 6 మి.మీ. షిమ్ (ఎత్తు సర్దే బిళ్ల) వేసి ర్యాక్‌ని సమం చేశాను. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే బండి నిటారుగా పోయింది, అయిపోయిందనుకున్నాను. కానీ ఒక్క చక్రం గుంతలో పడితే మళ్లీ అదే లాగుడు, ఈసారి ఎడమ చక్రానికి కూడా. గేజ్ పెడితే ఎడమ 3.6 ఔట్, 2.8 ఇన్. తప్పు పోలేదు, రెండు పక్కలా సమానమైంది. ర్యాక్ నేలకి సమంగా ఉంటే చాలదు. లోపలి జాయింట్ విష్‌బోన్ల (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే పై, కింది చేతుల) లోపలి పివట్లను కలిపే గీత మీద ఉండాలి. ఎడమది మొదటి నుంచీ సరిగ్గానే ఉంది.

షిమ్ తీసేసి, కుడి బ్రాకెట్‌ని గ్రైండర్‌తో కోసి, 8 మి.మీ. దించి వెల్డ్ చేసి, పైన 2 మి.మీ. షిమ్ వేశాను. రేపు అర మి.మీ. అటూ ఇటూ కావాలన్నా వీలుంటుంది. బోల్టు రంధ్రాన్ని పొడవుగా సాగదీసి సర్దుకోమని చాలామంది చెబుతారు. స్టీరింగ్ విషయంలో జారే అవకాశం ఉన్నదేదీ నేను పెట్టను.

ఇప్పుడు కుడి పక్క: పైన 0.4 ఇన్, కింద కూడా 0.4 ఇన్. లాగుడు పోయింది! గతుకుల రోడ్డు మీద మొదటిసారి ఒక చేత్తో నడిపాను.

అయితే ఆ 0.4లు గేజ్ తప్పు కాదు. పైకెత్తినా దించినా టో ఒకే దిక్కుకి పోతే అది రాడ్ పొడవు లెక్క. కుడిది రెండు వైపులా ఇన్ అంటే రాడ్ పొట్టిది, ఎడమది రెండు వైపులా ఔట్ అంటే పొడవుది. వెంటనే లాక్ నట్ల దగ్గర బయటికి కనిపించే మరలు కొలిచాను: కుడి 11 మి.మీ., ఎడమ 29. తేడా 18. అంటే చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు ర్యాక్ నడిమికి 9 మి.మీ. కుడిగా కూర్చుంది. 300 మి.మీ. రాడ్‌కీ 110 మి.మీ. ఆర్మ్‌కీ కాగితం మీద లెక్క కట్టినా అదే 9 వచ్చింది. బండి ఎడమకి ఇరుకులో తిరిగి, కుడికి మాత్రం ఒకసారి రివర్స్ ఎందుకు అడుగుతోందో కూడా తేలిపోయింది.

మర పిచ్ 1.5, అంటే ఒక్కో చుట్టుకి 1.5 మి.మీ., కాబట్టి కుడి రాడ్ ఆరు చుట్లు బయటికి, ఎడమది ఆరు చుట్లు లోపలికి. తర్వాత స్టీరింగ్ వీల్ ఊడదీసి స్ప్లైన్ (షాఫ్ట్ కొసనున్న పళ్లు) మీద మళ్లీ తిన్నగా కూర్చోబెట్టాలి. దాని నట్టుకి లాక్‌టైట్ 243 (నట్టు వదులవకుండా పట్టే జిగురు). ఆపైన సీట్లో నా బరువుకి సరిపడా ఇసుక సంచులు వేసి టో మొదటి నుంచి కొలుస్తాను. ఇంత తేలిక బండిని ఖాళీగా అలైన్ చేయడం దండగ. దారాలు ఎలాగూ కడతాను కాబట్టి వెనక ఇరుసు ఛాసిస్‌కి లంబంగా ఉందో లేదో కూడా అప్పుడే చూసేస్తా. ఎడమ వెనక టైర్ లోపలి అంచు అరుగుతున్నట్టు అనుమానంగా ఉంది.