ఏడు పాయల దారిలో అమ్మతో

మా అమ్మమ్మ సప్తసాగర యాత్ర చేసిన సంగతి అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. పుష్య అమావాస్య నాడు చొల్లంగిలో మునిగి, గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోటల్లా స్నానం చేసుకుంటూ, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరేవారట. పదకొండు రోజులు. కొంత ఎడ్లబండి, కొంత నడక, మిగతాది పడవ. పాయ దాటుతున్నంతసేపూ అమ్మమ్మ పడవలో కూర్చునేది కాదట. "గోదారమ్మ నెత్తిన కూర్చుంటామా?" అనేదట.

అమ్మకి 62 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులతో పదకొండు రోజులు తిరగలేదు. బండి మీద ఒక్క పగటిలో దారికి తగిలేవైనా చూపిద్దామని, ఈ మాఘంలో అంతర్వేది నరసింహస్వామి తీర్థానికొచ్చిన జనం పలచబడ్డాక, తెల్లవారుజామునే కాకినాడలో బయల్దేరాం.

చొల్లంగి చేరేసరికి ఇంకా మంచు కురుస్తోంది. ఏడు పాయల్లో ఒకటైన తుల్యభాగ సముద్రంలో కలిసేది ఇక్కడే. అమ్మ నా చెయ్యి పట్టుకుని మూడు మునకలు వేసింది. నోట్లో పడ్డ నీళ్ళు ఉప్పగా ఉన్నాయంది. అక్కడి నుంచి దారికి ఎడమ పక్కంతా మడ అడవులు. బురదలోంచి వేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఆత్రేయ పాయ కలిసేది ఈ కోరంగి వైపే. ఒకప్పుడు పెద్ద ఓడరేవు, 1839 ఉప్పెన ఊడ్చేసింది. ఆ మాట చెబితే అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా కోనసీమ వాళ్ళకి 96 తుఫాను ఇంకా నిన్నటిలాగే ఉంటుంది.

యానాం దాటి బాలయోగి వారధి ఎక్కగానే వెనక నుంచి భుజం తట్టింది. "ఆపు నాన్నా." బండి పక్కకి తీశాను. దిగి, రెయిలింగు దగ్గర చేతులు జోడించి నిలబడింది. కింద గౌతమి, అవతలి ఒడ్డు సన్నటి గీతలా ఉంది. 2002లో ఈ వంతెన తెరిచేదాకా ఇక్కడ పంటు మీద, అంటే మనుషుల్నీ బండ్లనీ దాటించే పెద్ద పడవ మీద దాటేవాళ్ళం. ఎన్నోసార్లు దాటిన గౌతమే, బండి ఆపి చూసింది మాత్రం అదే మొదటిసారి.

మురమళ్ళలో వీరేశ్వరస్వామి దర్శనం త్వరగానే అయింది. వృద్ధగౌతమి, భరద్వాజ సంగమాలకి దారి వదిలి లోపలికి వెళ్ళాలి. అమ్మ ఓపిక చూసి వెళ్ళలేదు. ఆ లోటు ఇంకా ఉంది.

అమలాపురం దగ్గర వెనక టైరు పంక్చర్. "ఆయ్, పది నిమిషాలండి, అమ్మగార్ని నీడలో కూర్చోమనండి" అన్నాడు షాపతను. కౌశిక పాయ ఎక్కడండీ అని అమ్మ అడిగితే, "కౌశిక డ్రెయినా అండి?" అన్నాడు. అతని తప్పేమీ లేదు, ఇప్పుడు అందరూ అనేది అదే. తుల్యభాగకీ అదే గతి, పై ఊళ్ళలో మురుగు కాలువ పేరైపోయింది. ఋషుల పేర్లు పెట్టి పిలుచుకున్న నీళ్ళలోకి ఇళ్ళ మురుగూ రొయ్యల చెరువుల మందులూ వదులుతున్నాం. సంకల్పంలో ఆ పేర్లు చదువుతూనే ఉన్నాం. పొద్దున్నే ఆ తుల్యభాగలోనే అమ్మ మునిగిందని గుర్తొచ్చి మనసు కలుక్కుమంది.

బోడసకుర్రు వంతెన మీద మళ్ళీ ఆపించింది. వైనతేయ ఏడింటి లెక్కలోకి రాదమ్మా అన్నాను. "గరుత్మంతుడి పేరు పెట్టుకున్న నీళ్ళకి దణ్ణం పెట్టకుండా నరసింహస్వామి దగ్గరికి వెళ్తామా?" అంది. ఆ మాటకి నేనూ బండి దిగి దణ్ణం పెట్టాను.

రాజోలు, మలికిపురం మీదుగా కొబ్బరి తోటల నీడలో సాయంత్రానికి అంతర్వేది చేరాం. గుడి పడమటి ముఖం. గుడి కట్టించిన కొపనాతి కృష్ణమ్మ విగ్రహానికి దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళాం. దర్శనం అయ్యాక అమ్మ రథం చూడాలంది. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయిందని టీవీలో చూసి ఆ రోజు అన్నం ముట్టలేదు. మరుసటి ఏడాది ఉత్సవానికే కొత్తది తయారైంది. షెడ్డులో ఉన్న దాన్ని కింద నుంచి పైదాకా చూసి కళ్ళు తుడుచుకుంది.

అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర వశిష్ట సముద్రంలో కలుస్తుంది. ఒక పక్క అల లేని నీళ్ళు, ఇంకో పక్క అలలు. అమ్మ రెండు వైపులా దోసిలి పట్టి నెత్తిన చల్లుకుంది.

ఆ రాత్రి నరసాపురంలో పిన్ని ఇంట్లో పడక. చించినాడ వంతెన మీదుగా వెళ్ళొచ్చు గానీ అమ్మ సఖినేటిపల్లి రేవుకే పోనిమ్మంది. బండి పంటు ఎక్కించాను. 100 కిలోమీటర్లకి పైగా బండి మీద కూర్చుని వచ్చిన మనిషి కదా అని, ఒకాయన లేచి చోటిచ్చారు. "వద్దు బాబూ" అని అమ్మ కడ్డీ పట్టుకుని, మాధవాయిపాలెం రేవు వచ్చేదాకా నిలబడే ఉంది.