మా అమ్మ పంటి క్యాప్‌కి సర్టిఫికెట్ ఏది?

మా యార్డులో స్టీలు ప్లేటు లారీ దిగాలంటే దాంతో పాటు మిల్ టెస్ట్ సర్టిఫికెట్ రావాలి. కార్బన్ ఎంత, క్రోమియం ఎంత, నికెల్ ఎంత, ఏ హీట్‌లో, అంటే కొలిమిలో ఏ విడత కరిగించిన స్టీలుతో తయారైంది, అన్నీ అందులో ఉంటాయి. ప్లేటు మీద కొట్టిన హీట్ నంబరు, కాగితం మీది నంబరు కలవకపోతే ఆ ప్లేటును పక్కన పెట్టించేస్తాను. ఎవరు ఫోన్ చేసినా, పని ఎంత ఆలస్యమైనా సరే. విశాఖలో ఓడల మరమ్మతు పనుల్లో తుప్పు తనిఖీ నా ఉద్యోగం. నాలుగైదేళ్లకోసారి మార్చే పైపుకి ఇంత జాగ్రత్త పడతాం. ఏళ్ల తరబడి నోట్లో ఉండే లోహానికి మాత్రం చిన్న చీటీ కూడా అడగం. అమ్మ పన్ను విషయంలో తిరిగిన దగ్గర్నుంచీ ఈ సంగతి నన్ను వదలడం లేదు.

అమ్మకి కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. పైన పింగాణీ, లోపల లోహం. కొన్నాళ్లకి ఆ ఒక్క పన్ను చుట్టూ చిగురు ఎర్రబడి మంట మొదలైంది. క్లీనింగ్ చేయించినా తగ్గలేదు. అమ్మకి గిల్టు కమ్మలు అస్సలు పడవు, పెట్టుకున్న రెండో రోజుకే చెవి తమ్మెలు రసి కారతాయి. ఆ మాట నేను గుర్తు చేస్తే, "చెవికీ పంటికీ సంబంధం ఏటే?" అంది. సంబంధం నికెల్. గిల్టు నగల్లో పైపూత కింద చాలాసార్లు ఉండేది అదే, మన దగ్గర మామూలుగా వేసే మెటల్ క్యాపుల్లో ఎక్కువ పాళ్లు ఉండేదీ అదే.

క్యాప్‌లో ఏ అల్లాయ్, అంటే ఏ మిశ్రమ లోహం వాడారని క్లినిక్‌లో అడిగాను. "మెటల్ మేడమ్, అందరికీ ఇదే వేస్తాం" అన్నారు. ల్యాబ్‌కి ఫోన్ చేయించాను. ఆ నెల ఏ డబ్బా తెరిచి పోత పోశారో వాళ్ల దగ్గర రాసి లేదు. నాకు కోపం కంటే బాధ ఎక్కువ వేసింది. ఆ క్లినిక్‌లో పని శుభ్రంగానే చేశారు, క్యాప్ బాగా అతికింది. కానీ ఆ లోహం ఏమిటో క్లినిక్ నుంచి ల్యాబ్ దాకా ఒక్కరికీ తెలియదు.

తర్వాత చర్మ డాక్టర్ గారు ఏది పడదో తెలుసుకోవడానికి రకరకాల పదార్థాలు చర్మం మీద అంటించి చూసే ప్యాచ్ టెస్ట్ అమ్మ వీపు మీద పెట్టారు. నికెల్ సల్ఫేట్ పెట్టిన చోట దద్దురు తేలింది. క్యాప్ తీయించాం, చిగురు మెల్లగా సర్దుకుంది. ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. క్యాప్ అంచున నల్ల గీత కనిపించగానే తుప్పు అని హడలిపోకండి. చిగురు కాస్త కిందికి జారితే లోపలి లోహం అంచు బయటపడి కూడా అలా కనిపిస్తుంది. నికెల్ పడని వాళ్లందరికీ నోట్లో మంట రావాలని కూడా లేదు. చర్మం గొడవ చేసినంత తొందరగా నోటి లోపలి పొర గొడవ చేయదు.

నికెల్-క్రోమియం అల్లాయ్ అన్నంత మాత్రాన చెడ్డది కాదు, అన్నీ ఒకటీ కాదు. క్రోమియం తగినంత ఉండి, కాస్త మాలిబ్డినం కూడా కలిస్తే అది నోట్లో బాగానే నిలబడుతుంది. క్రోమియం తగ్గించి, పోత సులువుగా రావాలని బెరీలియం కలిపిన రకాలూ ఉన్నాయి. వాటిలో నికెల్-బెరీలియం కలిసిన భాగం ముందుగా కరగడం మొదలుపెడుతుంది. పైగా బెరీలియం దుమ్ము ల్యాబులో క్యాపులు అరగదీసే కుర్రాళ్ల ఊపిరితిత్తులకి ప్రమాదం. పళ్లకి వాడే లోహాలకి అంతర్జాతీయంగా పెట్టిన ఐఎస్ఓ 22674 ప్రమాణం బెరీలియం, కాడ్మియం 0.02 శాతం దాటకూడదంటుంది. నికెల్ 0.1 శాతం మించితే ప్యాకెట్ మీద చెప్పి తీరాలి. తుప్పు పరీక్ష కూడా గట్టిదే. లాక్టిక్ ఆమ్లం, ఉప్పు కలిపిన పీహెచ్ 2.3 ద్రావణంలో (పీహెచ్ ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ) 37 డిగ్రీల దగ్గర 7 రోజులు నానబెడతారు. చదరపు సెంటీమీటరుకు 200 మైక్రోగ్రాములకి మించి లోహం కరగకూడదు. అంటే సర్టిఫికెట్‌కి కావలసిన సరుకంతా తయారుగానే ఉంది. డబ్బా దాకా వచ్చిన ఆ సమాచారం నోటి దాకా రావడం లేదు, అంతే.

ఇదంతా ఒక కొలిక్కి వస్తుండగా మా పాపకి పళ్ల వరుస సరిచేసే క్లిప్పులు వేయించే వేళ వచ్చింది. అమ్మ మొదటి ప్రశ్న, "ఆ తీగల్లో గిల్టు లేదు కదే?"

నికెల్ ఉంది. బ్రాకెట్లు, అంటే ఒక్కో పన్ను మీదా అతికించే చిన్న బిళ్లలు, ఎక్కువగా 316ఎల్ లాంటి స్టెయిన్‌లెస్ స్టీలు. మేం సముద్రపు నీటి పనుల్లో వాడేదే. స్టీలు వైర్లు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే రకం. మొదట్లో వేసే మెత్తటి వైరు నికెల్-టైటానియం, బరువులో దాదాపు 55 శాతం నికెల్. నైటినాల్ అనే ఈ నికెల్-టైటానియం పుట్టింది అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో, 1960 ప్రాంతంలో. విలియం బ్యూలర్ అనే లోహ శాస్త్రవేత్త పని అది. అయోవా విశ్వవిద్యాలయంలో జార్జ్ ఆండ్రియాసెన్ దాన్ని 1970లలో పళ్ల వరుస సరిచేయడానికి తెచ్చారు. నేవీ ఊళ్లో పెరిగినదాన్ని, ఇది చదివినప్పుడు నాకు భలే సంతోషం వేసింది.

సగానికి పైగా నికెల్ ఉన్న తీగను పిల్ల నోట్లో పెట్టడానికి ధైర్యం ఏమిటంటే, దాని పైపొర. టైటానియం గాలి తగలగానే ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. స్టీలులో ఆ పని క్రోమియం చేస్తుంది. మందం కొన్ని నానోమీటర్లే, కంటికి కనిపించదు. గీత పడితే ఆక్సిజన్ అందినంత సేపూ తనే మళ్లీ అల్లుకుంటుంది. 1983లో వచ్చిన ఒక ప్రయోగశాల లెక్క ప్రకారం నోటి నిండా క్లిప్పుల సెట్టు నుంచి రోజుకి సుమారు 40 మైక్రోగ్రాముల నికెల్ బయటికి వస్తుంది. మనం తినే తిండిలోంచి దానికి కొన్ని రెట్లు ఎక్కువే లోపలికి పోతుంది. ఈ లెక్క చెప్పాక అమ్మ కాస్త తేరుకుంది.

ఆక్సిజన్ అందని చోటే అసలు పేచీ. ఓడ మీద స్టీలు బాగా మెరుస్తూనే ఉంటుంది, అతుకుల మధ్య వేసే గాస్కెట్ కిందా బోల్టు తల కిందా మాత్రం గుంటలు పడతాయి. సందులో ఇరుక్కున్న నీళ్లలో ఆక్సిజన్ అయిపోతుంది, క్లోరైడ్ పేరుకుంటుంది, ఆమ్లం పెరుగుతుంది, పొర మళ్లీ కట్టుకోలేదు. నోట్లో ఆ సందులు బ్రాకెట్‌కి వేసే రంగు రబ్బర్ల కింద, పాచి కింద ఉంటాయి. సముద్రంలో లీటరుకి 19 గ్రాముల దాకా క్లోరైడ్ ఉంటే ఉమ్మిలో అందులో పదో వంతు కూడా ఉండదు. కానీ నోట్లో సూక్ష్మజీవులు తీపి తిని ఆమ్లం వదులుతాయి. ఓడ నిలకడ కోసం నీళ్లు నింపే బ్యాలస్ట్ ట్యాంకు అడుగు బురదలో నేను వెతికే సల్ఫేట్ తినే బాక్టీరియాకి చుట్టాలు చిగుళ్ల సందుల్లో కూడా ఉంటాయి.

పాపకి వైరు మార్చినప్పుడు పాతది అడిగి తెచ్చుకుని పది రెట్ల భూతద్దం కింద పెట్టాను. బ్రాకెట్‌కీ బ్రాకెట్‌కీ మధ్యలో ఉన్న భాగం కొత్తదానిలా మెరుస్తోంది. బ్రాకెట్ గాడిలో కూర్చున్న చోట మాత్రం మసకగా, లేత పసుపు పొర. గోరుతో గీకితే పొలుసులా లేచింది. గార అది, తుప్పు కాదు. కింద లోహం మీద గుంటలేవీ కనిపించలేదు, ఫ్యాక్టరీలో తీగగా లాగినప్పటి సన్నటి గీతలు మాత్రం ఉన్నాయి. పాపని పిలిచి చూపించాను. "అమ్మా, ఇదంతా నా నోట్లోదా!" అని ఆ రాత్రి చెప్పకుండానే సందుల బ్రష్ పట్టుకుంది.

ఆర్కే బీచ్‌కి వెళ్తే పాప ఉప్పూకారం చల్లిన మామిడి ముక్కలు మానదు. మాననక్కర్లేదు, చిన్న ముక్కలు చేసుకుని తిని, వెంటనే నీళ్లతో పుక్కిలిస్తే చాలు. కూల్‌డ్రింకుల దగ్గర మాత్రం నేను గట్టిగానే ఉంటాను. కోలా పీహెచ్ రెండున్నర దగ్గర ఉంటుంది, పన్ను పై ఎనామెల్ ఐదున్నర కిందికి దిగితేనే కరగడం మొదలవుతుంది. లోహం కంటే ముందు పన్నే దెబ్బతింటుంది.

చాలామందికి తెలియని సంగతి ఫ్లోరైడ్‌ది. రోజూ వాడే టూత్‌పేస్ట్‌తో ఇబ్బంది లేదు, దాన్ని మానొద్దు. క్లినిక్‌లో పూసే ఆమ్ల ఫ్లోరైడ్ జెల్ వేరు. ఫ్లోరైడ్, ఆమ్లం కలిస్తే టైటానియం ఆక్సైడ్ పొరని తినేస్తాయి. లోపలికి హైడ్రోజన్ దూరి వైరు పెళుసెక్కుతుంది, విరుగుతుంది. కాబట్టి జెల్ పూసే ముందు నోట్లో ఏ వైరు ఉందో పూసేవాళ్లకి తెలియాలి. తలకి ఎంఆర్ఐ తీయాల్సి వచ్చినా అంతే. స్టీలు క్లిప్పులు బొమ్మని చెడగొడతాయి, టైటానియం చాలా తక్కువ.

పాప డాక్టర్ గారిని కాగితం అడిగితే మొదట ఆశ్చర్యపోయారు. "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు మేడమ్" అంటూనే డ్రాయర్‌లోంచి ప్యాకెట్లు తీసి, బ్రాకెట్ల స్టీలు రకం, వైరు పేరు, కంపెనీ, లాట్ నంబరు కార్డు వెనక రాసిచ్చారు. నికెల్ పడని పిల్లలకి బీటా టైటానియం వైరు ఉందనీ, అందులో నికెల్ ఉండదనీ, అయితే ధర ఎక్కువనీ ఆయనే చెప్పారు. అమ్మకి లోహం లేని జిర్కోనియా క్యాప్ వేయించాం. పై దవడకి తీసి పెట్టుకునే పళ్ల సెట్టు కూడా అవసరమైతే, దాని ఫ్రేము కోబాల్ట్-క్రోమియంతో చేయమని, అందులోనూ నికెల్ 0.1 శాతం లోపే ఉన్న రకం చూడమని ముందే చెప్పి ఉంచాను.

క్యాపో, క్లిప్పులో, ఇంప్లాంటో, ఏది వేయించుకున్నా డబ్బులు కట్టే ముందు అడగండి: అల్లాయ్ పేరేమిటి, నికెల్ ఎంత, బెరీలియం ఉందా, లాట్ నంబరెంత. గిల్టు నగలు పడకపోతే ఆ మాట డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. ఈ నాలుగు వివరాలూ బిల్లు వెనక రాయడానికి నిమిషం చాలు, రాసి సంతకం పెట్టించుకుని తెచ్చుకోండి.