కదలిక లేని గ్రూపులు

ఈ ఆదివారం మధ్యాహ్నం, నేను అడ్మిన్‌గా ఉన్న వాట్సాప్ గ్రూపులలో కదలిక లేనివాటిని మూసివేసే పని పెట్టుకున్నాను. చెల్లెలి పెళ్ళి పనుల కోసం, అరకు ప్రయాణం కోసం పెట్టినవి ఎవరినీ అడగనవసరం లేకుండానే ముగిశాయి.

ఏకైక అడ్మిన్ ఊరికే బయటికి వచ్చేస్తే గ్రూపు మూతపడదు, మిగిలినవారిలో ఒకరికి, వారు కోరకపోయినా, ఆ బాధ్యత సంక్రమిస్తుంది. సభ్యులను ఒక్కొక్కరినే తొలగించి చివరికి తానూ తప్పుకోవాలి. ఎవరూ పట్టించుకోని గ్రూపులో అందరి ఫోన్ నంబర్లూ అందరికీ కనిపిస్తూనే ఉంటాయి, ఎప్పుడో పంచిన ఆహ్వాన లింకు రీసెట్ చేసేదాకా పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి పని తీరిన గ్రూపును మూయడం అడ్మిన్ విధి అని నా నమ్మకం.

ఎక్కువసేపు పట్టినది 2021 ఏప్రిల్‌లో, కరోనా రెండో వేవ్ రోజుల్లో కాలనీవాళ్ళం పెట్టుకున్న గ్రూపు. ఆక్సిజన్ సిలిండర్ ఎక్కడ దొరుకుతుందో, ఏ ఆసుపత్రిలో పడక ఖాళీగా ఉందో రాత్రంతా రాసుకున్న సందేశాలవి. మే నెల మధ్యలో ప్లాస్మా చికిత్సను జాతీయ మార్గదర్శకాలనుంచి తొలగించేవరకు దాతల కోసం పెట్టిన అభ్యర్థనలు వరుసగా కనిపించాయి. ఆ రోజుల్లో మాకోసం తిరిగిన ఒక పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన పేరు దగ్గరికి వచ్చేసరికి వేలు ముందుకు సాగలేదు.

యాహూ గ్రూప్స్ గుర్తుకు వచ్చింది. రచ్చబండ వంటి తెలుగు సాహిత్య చర్చాబృందం నడిచిన ఆ వేదిక, 2019 అక్టోబరులో పాత సందేశాలను తొలగిస్తామని ప్రకటించి, మొదట కొన్ని వారాల గడువే ఇచ్చింది. 2014 సెప్టెంబరు 30న గూగుల్ వారి సామాజిక మాధ్యమం ఆర్కుట్ ఆగిపోయినప్పుడు మాత్రం బహిరంగ కమ్యూనిటీల చర్చలను చదువుకోవడానికి కొంతకాలం ఉంచారు. నాకు ఈ రెండో పద్ధతే న్యాయంగా తోస్తుంది, ఎందుకంటే పదిమంది కలిసి రాసినదాన్ని తుడిచివేసే హక్కు తాళం చెవి చేతిలో ఉన్నవారికి మాత్రమే చెందదు.

అందుకని ఆ సంభాషణను ఎక్స్‌పోర్ట్ చేసి, కావలసినవారు అడిగితే పంపుతానని, నెలాఖరుదాకా గ్రూపును ఉంచుతానని అందులోనే రాశాను. సాయంత్రంలోపు ఆ పెద్దాయన కుమార్తె తనకు కావాలని అడిగింది. ఫైలు పంపేముందు ఇతరుల రోగ వివరాలున్న సందేశాలను అందులోనుంచి తీసివేస్తున్నాను, ఆ పని ఇంకా సగమే అయింది.