జర్మన్ పలకరింపులు నాకు పట్టుబడిన క్రమం

నేను ముందు సరిచేసుకున్నది పలుకుబడి. జర్మన్‌లో మాట చివరి 'గ' 'క' అవుతుంది, 'డ' 'ట' అవుతుంది. కాబట్టి పగటిపూట పలకరింపు గూటెన్ టాగ్ కాదు, గూటెన్ టాక్. సాయంత్రం అనే మాట ఆబెండ్ కాదు, ఆబెంట్.

తర్వాత గూటెన్, గూటె తేడా. రెండింటికీ అర్థం 'మంచి'. "మీకు మంచి రోజు కోరుతున్నాను" అనే నిండు వాక్యంలో చివరికి మిగిలిన ముక్కే ఈ పలకరింపు. మోర్గెన్ (ఉదయం), టాక్ (పగలు), ఆబెంట్ (సాయంత్రం) పుంలింగాలు, పైగా ద్వితీయా విభక్తిలో ఉన్నాయి కనుక గూటెన్. నహ్ట్ (రాత్రి) స్త్రీలింగం, అందుకే గూటె నహ్ట్. ఇది తెలిశాక బట్టీ పట్టే పని తప్పింది.

వేళల సంగతి సులువే. మోర్గెన్ పొద్దున సుమారు పది, పదకొండు దాకా, టాక్ సాయంత్రం ఆరు దాకా, ఆ పైన ఆబెంట్. గూటె నహ్ట్ మాత్రం పడుకోబోయే ముందు చెప్పేది. రాత్రి 9 గంటలకు ఒకరింట్లో అడుగుపెడుతూ అనకూడదు.

మీరు, నువ్వు మనకూ ఉన్నాయి కనుక జీ (మీరు), డు (నువ్వు) తేడా తెలుగువాళ్లకు ఇట్టే అందుతుంది. తడబడేది పేరు దగ్గర. మన 'గారు' పేరు వెనక వస్తుంది. అక్కడ మగవారికి హెర్, ఆడవారికి ఫ్రావ్ ముందు వస్తాయి, వాటి పక్కన ఇంటిపేరే ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏది ఉంటే దానితోనే మిమ్మల్నీ పిలుస్తారు. పెళ్లికాని ఆడవారికి వాడే, పాత పుస్తకాల్లో కనిపించే ఫ్రోయిలైన్ జోలికి పోకండి. పశ్చిమ జర్మనీ ప్రభుత్వ కార్యాలయాలు 1972లోనే దాన్ని వదిలేశాయి. డు అనుకుందామని పెద్దవారో పైఅధికారో ముందు అడగాలి, అందాకా జీ.

డాక్టరు దగ్గర వేచి ఉండే గదిలోకి వెళ్తే, ముక్కూమొహం తెలియని వాళ్లున్నా అందరికీ కలిపి గూటెన్ టాక్ చెప్పాలి. వెళ్లేటప్పుడు ఔఫ్ వీడర్‌జేయెన్, అంటే మళ్లీ చూద్దాం. ఫోనులో చూడటం ఉండదు కనుక ఔఫ్ వీడర్‌హోరెన్, మళ్లీ విందాం. ఎంత ముచ్చటైన మాట!

ఉత్తర జర్మనీలోని హాంబర్గ్ వైపు రోజంతా మోయిన్ అనే పలకరింపు చెల్లుతుంది. దక్షిణాన బవేరియా, ఆస్ట్రియాల్లో గూటెన్ టాక్ బదులు గ్ర్యూస్ గోట్ వినిపిస్తుంది. ఆ 'ర్యూ' కోసం పెదాలు 'ఊ'కి చుట్టినట్టే ఉంచి లోపల 'ఈ' అనాలి.

ఉత్తరం రాసేటప్పుడు మొదట ఆడవారికి జేర్ గెయేర్టె ఫ్రావ్, మగవారికి జేర్ గెయేర్టర్ హెర్ (అంటే గౌరవనీయులైన), పక్కన ఇంటిపేరు, ఆపైన కామా. తర్వాతి పంక్తి చిన్న అక్షరంతో మొదలవ్వాలి, మొదటి మాట నామవాచకమో జీ లాంటి గౌరవ సర్వనామమో అయితే తప్ప. చివర మిట్ ఫ్రోయింట్‌లిషెన్ గ్ర్యూసెన్ (స్నేహపూర్వక అభివందనాలతో) అని రాసి కింద పేరు పెట్టాలి. దాని తర్వాత కామా ఉండదు.