దండ పడేదాకానే తల్లి వేషం

పాత తెలుగు సినిమాల్లో సూర్యకాంతం గారు గయ్యాళి అత్తే కావచ్చు, కానీ ఆవిడ నోరు విప్పితేనే కథ కదిలేది. తర్వాత తర్వాత పెద్దావిడంటే హారతి పళ్లెం, కొంగుతో కన్నీళ్లు, "బాబూ, భోంచేశావా?" అంతే. 2015లో 'బాహుబలి'లో రమ్యకృష్ణ గారి శివగామి వచ్చాక దారి కాస్త తెరుచుకుంది. 2019లో 'ఓ బేబీ'లో లక్ష్మి గారు డెబ్బై ఏళ్ల బామ్మ. సందడంతా మాత్రం ఆవిడ పడుచు సమంతగా మారాకే! అరవై దాటిన హీరోకు అలాంటి మాయ అక్కర్లేదు, జుట్టుకు రంగు వేస్తే చాలు.

నిన్న గాంధీనగర్‌లో సినిమా చూసి ఆటో ఎక్కగానే మా అత్తయ్య పెదవి విరిచారు. "విశ్రాంతికి ముందే తల్లి ఫొటోకు దండ వేసేశారు. ఈసారి ఆవిడ ఆఖరిదాకా బతికుండే సినిమాకే టికెట్లు తియ్యవే" అన్నారు. వెతుకుతున్నాను. మీకు తెలిస్తే చెప్పండి.