జిల్ జిల్ రమామణి

"మనోరమ కదూ!" అంటూ అమ్మ వంటింట్లోంచి వచ్చి టీవీ ముందు నిలబడిపోయింది. 'అరుంధతి'లో తమిళ హాస్యనటి మనోరమ వేసిన చంద్రమ్మ సీన్ వస్తోంది. 2009 సినిమా. అప్పటికే ఆవిడకి డెబ్బై దాటాయి.

అది అయిపోయాక తమిళ సినిమా 'తిల్లానా మోహనాంబాళ్' పెట్టుకున్నాను. 1968ది. శివాజీ గణేశన్, పద్మిని లాంటివాళ్లు తెర మీదుండగా, డ్రామా కంపెనీ ఆర్టిస్టు జిల్ జిల్ రమామణిగా ఈవిడ వస్తుంది. నా చూపు ఆవిడ మీదే. ఆ నవ్వు, ఆ హుషారు, లోపల దాచుకున్న ఒంటరితనం!

నాటకాల్లోంచి వచ్చిన మనిషి. 1958లో సినిమాల్లోకి వచ్చింది, వెయ్యికి పైగా చేసింది. నేషనల్ అవార్డు మాత్రం 'పుదియ పాదై'కి, అంటే ముప్పై ఏళ్ల తర్వాత. అదీ సహాయనటిగా.

కామెడీ చేసేవాళ్లని మనం ఎందుకింత ఆలస్యంగా గుర్తిస్తాం? నాకు నిజంగా బాధేసింది.